ఒక మాట, ఒక చీల, ఒక రేకుముక్క

2020 జూలైలో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతాలలో, మోఁ బ్లాఁ శిఖరం నుంచి దిగివచ్చే బోసోఁ హిమానీనదం కరుగుతుండగా, ఆ మంచులో కొన్ని భారతీయ వార్తాపత్రికలు బయటపడ్డాయి. కాగితం తడిసింది గానీ అక్షరాలు చెరగలేదు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఎన్నికైన వార్త అందులో పతాకశీర్షిక. ఆమె ప్రమాణస్వీకారం చేసింది 1966 జనవరి 24న. సరిగ్గా ఆ రోజు ఉదయమే, ఆ పత్రికలను మోసుకొస్తున్న ఎయిరిండియా బోయింగ్ 707 'కాంచనజంగ' మోఁ బ్లాఁ కొండకు కొట్టుకొని ముక్కలైంది. అందులోని 117 మందీ మరణించారు. వారిలో ఒకరు మన అణుశాస్త్ర పితామహుడు హోమీ భాభా. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికై ఆయన వియన్నా వెళుతున్నారు.

ఆ హిమానీనదం ఇలా వస్తువులను అప్పగించడం అదే మొదలు కాదు. 2012లో భారత విదేశాంగశాఖ టపా సంచి ఒకటి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలు, కెంపులు, నీలాలు ఉన్న చిన్న పెట్టె దొరికింది. అతడు దానిని నిజాయితీగా పోలీసులకు అప్పగించాడు. మంచు తన సొంత వేగంతో కదులుతుంది. తీసుకున్నదాన్ని అర్ధశతాబ్దం తరువాత కొండ దిగువన వదిలిపెడుతుంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్ళలో ఒక పాత ప్రచారం మళ్ళీ తలెత్తుతుంది: భాభాను అమెరికా గూఢచారులు చంపించారని. మొన్న ఒక మిత్రుడు కూడా నాతో అదే అన్నాడు. "అంతటి మనిషి ఊరికే ఎలా పోతాడు?" అని అతని ప్రశ్న. ఆ ప్రశ్నే ఈ టపాకు కారణం. పెద్ద నష్టానికి పెద్ద కారణమే ఉండాలని మన మనసు కోరుకుంటుంది. ఫ్రాన్సు నేలమీద, ఫ్రాన్సు విమానాలకు జరిగిన ఘోర ప్రమాదాల చరిత్రను చదివితే మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధమైనది కనబడుతుంది. కారణాలు చిన్నవి. భయపెట్టేటంత చిన్నవి. అంతకంటే బాధాకరమైన సంగతి ఏమంటే, వాటిలో చాలావరకు ముందే ఒకసారి తలుపు తట్టి వెళ్ళినవే.

విభక్తి ప్రత్యయమంత తేడా

ముందు కాంచనజంగ సంగతి చూద్దాం. ఆ విమానం బొంబాయి నుంచి లండన్‌కు వెళుతూ, బేరూత్‌లో ఆగి జెనీవాకు బయలుదేరింది. దారి చూపే రేడియో సంకేతాలను అందుకొనే పరికరాలలో ఒకటి పనిచేయడం లేదని బేరూత్‌లోనే పైలట్‌కు తెలుసు. ఆల్ప్స్ మీదికి వచ్చేసరికి తాను శిఖరాన్ని దాటేశాననుకొన్నాడు. తన లెక్కను జెనీవా నియంత్రణ కేంద్రానికి చెప్పాడు. అక్కడి అధికారి రాడార్ తెరమీద చూశాడు. విమానం ఇంకా శిఖరాన్ని దాటలేదు. ఆ పొరపాటును సరిదిద్దడానికి, మోఁ బ్లాఁకూ విమానానికీ మధ్య ఉన్న దూరాన్ని చెప్పాడు.

ఇక్కడే కొంప మునిగింది. ఆ దూరం ముందున్నదా, వెనకబడినదా? చెప్పినవాడు ఒకటి అనుకున్నాడు, విన్నవాడు మరొకటి అనుకున్నాడు. శిఖరం వెనకబడిందన్న నమ్మకంతోనే పైలట్ కిందికి దిగడం కొనసాగించాడు. ఫ్రెంచి విచారణ సంఘం తేల్చినది ఇదే: నియంత్రకుడు పొరపాటు గమనించాడు, సవరణ కూడా చెప్పాడు, కాని ఆ మాటలో కావలసినంత కచ్చితత్వం లేకపోవడం వల్ల అది చేరవలసిన విధంగా చేరలేదు.

భాషతో పొద్దుపుచ్చే మనబోటి వాళ్ళు దీని దగ్గర కాసేపు ఆగాలి. 'కొండకు అయిదు మైళ్ళు' అనడానికీ, 'కొండ నుంచి అయిదు మైళ్ళు' అనడానికీ తేడా ఒక విభక్తి ప్రత్యయం. బస్సులో అలాంటి పొరపాటు జరిగితే ఒక ఊరు దాటిపోతాం, దిగి వెనక్కి నడుస్తాం. నాలుగు వేల ఎనిమిది వందల మీటర్ల కొండ ముందు అలాంటి అవకాశం లేదు.

ఇంకొక మాట. అదే కొండకు 1950 నవంబరు 3న ఎయిరిండియా విమానమే మరొకటి, 'మలబార్ ప్రిన్సెస్', కొట్టుకొంది. 48 మంది పోయారు. వారిలో అత్యధికులు విదేశంలో ఓడ ఎక్కడానికి వెళుతున్న మన నావికులు. వారిని వెదకడానికి బయలుదేరిన ఒక పర్వత మార్గదర్శి మంచుపగులులో పడి చనిపోయాడు. భాభా పేరు మనందరికీ గుర్తుంది. ఆ నావికుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. వారి మరణం మీద ఏ కుట్ర కథా పుట్టలేదు.

ఎర్మెనోన్‌విల్ అడవి

ఇక ఈ చరిత్రలోకెల్లా నన్ను ఎక్కువగా కలచివేసిన ఘట్టం. 1974 మార్చి 3, ఆదివారం మధ్యాహ్నం. టర్కిష్ ఎయిర్‌లైన్స్ వారి డీసీ-10 విమానం ఇస్తాంబుల్ నుంచి వచ్చి పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో ఆగింది. అక్కడి నుంచి లండన్ వెళ్ళాలి. ఆ రోజుల్లో బ్రిటిష్ విమాన సంస్థలో సమ్మె జరుగుతున్నందున, పారిస్‌లో చిక్కుకుపోయిన ప్రయాణికులెందరో దొరికిన ఈ విమానం ఎక్కారు. మొత్తం 346 మంది. బయలుదేరిన పది నిమిషాలకు, సుమారు పన్నెండు వేల అడుగుల ఎత్తున, వెనుకభాగంలోని సామాను గది తలుపు ఊడిపోయింది. డెబ్బయి ఏడు సెకండ్ల తరువాత విమానం ఎర్మెనోన్‌విల్ అడవిలో కూలింది. ఒక్కరూ మిగలలేదు. అప్పటికి ప్రపంచంలో అంతటి విమాన ప్రమాదం లేదు.

తలుపు ఊడితే విమానం ఎందుకు కూలాలి? ఇది అర్థం కావాలంటే కొంచెం నిర్మాణం తెలియాలి. ప్రయాణికులు ఎక్కే తలుపులు లోపలినుంచి బిరడాలా బిగుసుకుంటాయి. విమానం పైకి వెళ్ళేకొద్దీ లోపలి గాలి పీడనమే వాటిని ఇంకా గట్టిగా అదిమిపడుతుంది. డీసీ-10 సామాను గది తలుపు అలా కాదు. లోపల చోటు కలిసివస్తుందని దానిని బయటికి తెరుచుకునేలా చేశారు. అంటే పీడనం దాన్ని నెట్టివేయడానికే చూస్తుంది. గడియలే దిక్కు. ఒక విద్యుత్ మోటారు గడియలను తిప్పి వేస్తుంది. ఆ తరువాత బయట ఉన్న పిడిని కిందికి నొక్కితే, గడియలు కదలకుండా చీలలు అడ్డంగా జారి కూర్చుంటాయి. గడియలు పూర్తిగా పడకపోతే పిడి నొక్కుడుపడకూడదు. అది ఊహ. వాస్తవంలో లోపలి కడ్డీలు పలచనివి కావడంతో అవి వంగి, గడియలు పడకపోయినా పిడి మూసుకునేది. పిడి మూసుకుంటే పైలట్ ఎదుట ఉన్న హెచ్చరిక దీపం కూడా ఆరిపోయేది. తలుపు పడలేదు, కాని పడినట్టే అన్నీ సాక్ష్యం చెబుతాయి.

ఈ తలుపు పోయిందంటే సామాను గదిలో గాలి ఒక్కసారిగా బయటికి పోతుంది. దానిపైన ప్రయాణికులు కూర్చున్న గదిలో గాలి మాత్రం అలాగే ఉంటుంది. ఆ తేడాను నడుమ ఉన్న నేల తట్టుకోలేక కుంగిపోతుంది. తోకను నడిపే తీగలన్నీ ఆ నేల కిందుగానే వెళతాయి.

ఇది 1974లో కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1970లోనే, విమానం ఇంకా నేలమీద పరీక్షల్లో ఉండగా, పీడనం పెంచినప్పుడు తలుపు ఊడి నేల కుంగింది. 1972 జూన్ 12న అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 ఒకటి కెనడాలోని విండ్సర్ మీదుగా ఎగురుతుండగా సరిగ్గా అదే తలుపు అదే విధంగా ఊడిపోయింది. నేల కొంతమేర కుంగింది. తీగలలో కొన్ని తెగిపోయాయి, కొన్ని మిగిలాయి. ఆ విమానంలో జనం తక్కువ, వెనుకవైపు బరువు తక్కువ. పైగా కెప్టెన్ బ్రైస్ మెక్‌కార్మిక్ ఇంజన్ల వేగాన్ని హెచ్చుతగ్గులు చేస్తూ విమానాన్ని నడపడం అంతకుముందే శిక్షణ యంత్రంలో సాధన చేసి ఉన్నాడు. విమానాన్ని డెట్రాయిట్‌లో దింపాడు. 67 మందీ బతికారు.

అమెరికా భద్రతా మండలి వెంటనే రెండు సూచనలు చేసింది. తలుపు సరిగా పడితే తప్ప పిడి మూసుకోకుండా చేయండి, నేలలో గాలి పోవడానికి రంధ్రాలు పెట్టండి. వాటిని చట్టబద్ధమైన ఆదేశంగా మార్చవలసినది విమానయాన పాలకసంస్థ. కాని దాని అధిపతి, తయారీదారు సంస్థ అధ్యక్షుడు ఫోన్‌లో మాట్లాడుకొని పెద్దమనుషుల ఒప్పందానికి వచ్చారు. ఆదేశం బదులు కంపెనీయే తన ఖాతాదారులకు ఒక సేవాపత్రం పంపుతుంది. అంతే. ఆదేశానికీ పత్రానికీ తేడా ఏమిటంటే, ఆదేశం పాటించని విమానం ఎగరరాదు. పత్రం పాటించని విమానం ఎగురుతుంది.

విండ్సర్ ఘటన జరిగిన పదిహేనో రోజున, డీసీ-10 దేహాన్ని తయారుచేసే ఉపగుత్తేదారు సంస్థ కాన్వేర్‌లో డాన్ యాపిల్‌గేట్ అనే ఇంజనీరు తన పై అధికారికి ఒక లేఖ రాశాడు. రానున్న ఏళ్ళలో ఈ తలుపులు మళ్ళీ ఊడడం ఖాయమనీ, అలా జరిగినప్పుడు విమానమే పోయే అవకాశం ఉందనీ అందులో హెచ్చరించాడు. పై అధికారులు ఆ లేఖను కాదనలేదు. అయితే దానిని డగ్లస్ సంస్థకు పంపితే మరమ్మతు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందోనని ఆలోచించి, పంపకుండా ఊరుకున్నారు. ప్రమాదం తరువాత నష్టపరిహారపు వ్యాజ్యాలలో ఆ కాగితం బయటికి వచ్చింది.

ఇరవై ఒక్క నెలలు నిండకముందే ఎర్మెనోన్‌విల్. ఆ విమానానికి కడ్డీ వంగకుండా బిగించవలసిన చిన్న లోహపు పలక బిగించలేదు. బిగించినట్టుగా కర్మాగారం కాగితాలమీద మాత్రం తనిఖీదారుల ముద్రలున్నాయి. చీలలు పడ్డాయో లేదో చూసుకోవడానికి తలుపుకు ఒక చిన్న గాజుకన్ను అమర్చారు. ఆనాడు అందులోంచి ఎవరూ చూడలేదు. తలుపు మూసినది ఓర్లీలో సామాను ఎక్కించే ఒక కార్మికుడు. అతనికి ఫ్రెంచి, అరబీ వచ్చు. తలుపుమీది సూచనలు ఇంగ్లీషులోనూ టర్కిష్‌లోనూ ఉన్నాయి. అతను నేర్పినట్టే చేశాడు: మీట నొక్కాడు, పిడి దించాడు, అది సులువుగానే దిగింది. మొదట్లో వేళ్ళన్నీ అతనివైపే చూపాయి. విచారణ ముగిసేసరికి, ఆ పిడి అంత సులువుగా దిగడమే నేరమని తేలింది.

గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చుకోవడం అని మనకొక సామెత. అంతకంటే సరిగ్గా సరిపోయే సందర్భం నేను ఎరగను. ప్రమాదం తరువాత తలుపు గడియల అమరికను మార్చమని ఆదేశం వచ్చింది. పెద్ద విమానాలన్నిటా నేల ఆ పీడనభేదాన్ని తట్టుకునేట్లు మార్పులు చేయించారు. 1972లో అడిగినవి ఇవే.

బొత్తానికి రెండు అర్థాలు

తలుపుల కాలం పోయి కంప్యూటర్ల కాలం వచ్చింది. 1988లో సేవలోకి వచ్చిన ఏ-320 ఎయిర్‌బస్ ఫ్రాన్సు పారిశ్రామిక గర్వానికి చిహ్నం. తీగలకు బదులు డిజిటల్ విద్యుత్ సంకేతాలతో నడిచే మొదటి ప్రయాణికుల విమానం. దీనిని తొలినాళ్ళలోనే కొన్నవారిలో మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటి.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఏ-320 బెంగుళూరులో రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో దిగి, గట్టును కొట్టుకొని తగలబడింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. విమానం కిందికి దిగుతుండగా ఇంజన్లు కనీసశక్తిలోకి వెళ్ళిపోయాయి. వేగం పడిపోతున్నదని పైలట్లు సకాలంలో గ్రహించలేదు. విచారణలో ఒక సంభావ్యత చర్చకు వచ్చింది: దిగే వేగాన్ని నిమిషానికి 700 అడుగులుగా పెట్టబోయి, పక్కనున్న ఎత్తు నిర్ణయించే మరను తిప్పి ఉంటారేమో అని. అప్పటి ప్రభుత్వం ఏ-320 విమానాలను నెలల తరబడి నేలమీదనే నిలిపివేసింది.

రెండేళ్ళ తరువాత, 1992 జనవరి 20 రాత్రి, ఎయిర్ ఇంటర్ సంస్థవారి ఏ-320 లియోఁ నుంచి స్ట్రాస్‌బూర్‌కు దిగుతూ సాంత్-ఓదిల్ కొండ అడవిలో కూలింది. 96 మందిలో తొమ్మిదిమంది మాత్రమే బతికారు. మంచు, చీకటి. రక్షకులు ఆ చోటు చేరడానికి నాలుగు గంటలకు పైగా పట్టింది.

విమానం నిమిషానికి సుమారు 800 అడుగుల చొప్పున దిగవలసింది. 3,300 అడుగుల చొప్పున దిగింది. ఎందుకు? ఆ విమానంలో దిగుడును రెండు విధాలుగా చెప్పవచ్చు: ఎంత కోణంలో అని, లేదా నిమిషానికి ఎన్ని అడుగులు అని. రెంటికీ మర ఒకటే, అంకెలు కనబడే గడీ ఒకటే. ఏ పద్ధతిలో ఉన్నదో మార్చడానికి వేరొక బొత్తాం. కోణమైతే 3.3 అని, వేగమైతే 33 అని చూపేది. వేగంలో చివరి రెండు సున్నలు చూపేవారు కాదు. ఇద్దరు పైలట్లు 3.3 డిగ్రీలు పెట్టామనుకొని మూడువేల మూడువందల అడుగులు పెట్టి ఉంటారని, తాను పరిశీలించిన వివరణలన్నిటిలో ఇదే అత్యంత సంభావ్యమని విచారణ సంఘం భావించింది. ఒక చుక్క ఉండడం, లేకపోవడం.

నేల దగ్గరవుతుంటే అరిచి చెప్పే హెచ్చరిక పరికరం అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ప్రపంచంలో వాడుకలో ఉంది. ఫ్రాన్సులో ఆనాడు తప్పనిసరి కాదు. ఆ సంస్థ విమానాలు వేగంగా దిగే అలవాటు గలవి కనుక, అది అస్తమానం అకారణంగా అరుస్తుందని వారు పెట్టించుకోలేదు. ప్రమాదం తరువాత ఎయిర్‌బస్ ఆ గడీని మార్చింది. వేగమైతే నాలుగు అంకెలూ చూపేట్లు చేసింది. రెండు సున్నలు చేర్చడానికి 87 ప్రాణాలు కావలసివచ్చాయి.

గోనెస్‌లో మంటలు

కాంకోర్డ్ గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు గనుక ముఖ్యమైనవే చెబుతాను. 2000 జూలై 25న పారిస్ నుంచి న్యూయార్క్‌కు బయలుదేరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకోర్డ్, పైకి లేస్తుండగానే మంటలంటుకొని గోనెస్ ఊళ్ళో ఒక హోటల్ మీద కూలింది. విమానంలో 109 మంది, హోటల్లో నలుగురు. 1976లో ప్రయాణికుల సేవ ప్రారంభించిన నాటినుంచి కాంకోర్డ్‌కు ప్రాణాంతకమైన ప్రమాదం జరగడం అదే మొదలు.

అయిదు నిమిషాల ముందు అదే రన్‌వే మీదుగా వెళ్ళిన వేరొక విమానం ఇంజన్ తొడుగు నుంచి ఒక టైటానియం రేకు రాలిపడింది. పొడవు మూర కంటే తక్కువ, వెడల్పు రెండు వేళ్ళంత. కాంకోర్డ్ టైరు దానిమీదుగా వెళ్ళి చీలింది. నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క ఎగిరి రెక్క అడుగుభాగాన్ని కొట్టింది. ఇంధనపు ట్యాంకు అంచులదాకా నిండి ఉంది. ఆ దెబ్బకు ట్యాంకు బయటినుంచి చిల్లుపడలేదు. ద్రవంలో పుట్టిన అల తాకిడికి వేరొకచోట లోపలినుంచి పగిలింది. కారిన ఇంధనం అంటుకొంది.

ఇదీ దైవికమే అనిపిస్తుంది. కాని కాంకోర్డ్ టైర్లు అంతకుముందు 57 సార్లు పగలడమో గాలిపోవడమో జరిగింది. 1979 జూన్‌లో వాషింగ్టన్‌లో బయలుదేరుతుండగా టైర్లు పగిలి, ముక్కలు ట్యాంకులను ఛేదించాయి. ఆ విమానం చుట్టుతిరిగి క్షేమంగా దిగింది. అలాంటివే మరికొన్ని జరిగాక, 1981లో అమెరికా భద్రతా మండలి ఫ్రాన్సుకు తన ఆందోళనను రాసి పంపింది. చక్రాలను బలపరిచారు, టైరులో గాలి తగ్గితే తెలిపే పరికరం పెట్టారు. ఊరుకున్నారని అనలేం. ట్యాంకు లోపలినుంచి పగలడమన్నది ఎవరూ ముందు చూడనిదే. అయినా రెక్క నిండా ఇంధనం, దాని కింద పగిలే టైర్లు అనే అసలు పొందిక అలాగే ఉండిపోయింది. ట్యాంకులకు లోపల కెవ్లార్ పొర, పగిలినా పెద్దముక్కలుగా విడిపోని కొత్త టైర్లు 2001లో వచ్చాయి. 2003లో కాంకోర్డ్ ఎగరడమే మానేసింది.

మంచు పట్టిన గొట్టం

చివరిది మన కాలానిది. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వస్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447, ఏ-330 విమానం, అట్లాంటిక్ నడుమ అదృశ్యమైంది. 228 మంది. సముద్రంలో సుమారు 3,900 మీటర్ల లోతునుంచి బ్లాక్‌బాక్స్‌లు తీయడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. అంతవరకూ ఊహలదే రాజ్యం.

విమానం వేగాన్ని కొలిచేవి ముక్కు దగ్గర ఉండే పిటో గొట్టాలు. తుఫాను మేఘాల అంచున వాటిలో మంచుపలుకులు అడ్డుపడ్డాయి. వేగపు లెక్కలు తప్పడంతో ఆటోపైలట్ తప్పుకొని, విమానాన్ని మనుషుల చేతికి వదిలింది. మంచు ఒక్క నిమిషంలోపే విడిపోయింది. ఏమీ చేయకుండా ఉంటే చాలునని తరువాత అందరూ అన్నారు. చీకట్లో, హఠాత్తుగా, నడిపే పైలట్ ముక్కు పైకెత్తాడు. విమానం 38,000 అడుగులకు లేచి, వేగం కోల్పోయి, రెక్కలకు గాలి ఆధారం తప్పి స్టాల్ అయింది. ఆటోపైలట్ తప్పుకొన్నప్పటినుంచి సముద్రాన్ని తాకేదాకా నాలుగు నిమిషాల ఇరవై మూడు సెకండ్లు.

స్టాల్ హెచ్చరిక పదేపదే మోగింది. అయితే వేగం మరీ పడిపోయి లెక్కలు నమ్మరానివైనప్పుడు యంత్రం ఆ హెచ్చరికను ఆపేస్తుంది. దానితో విపరీతం జరిగింది. పైలట్ ముక్కు దించి సరైన పని చేయబోయినప్పుడల్లా లెక్కలు మళ్ళీ నమ్మదగినవై హెచ్చరిక మొదలయ్యేది. ముక్కు ఎత్తితే ఆగేది. ఒప్పు చేస్తే కేక, తప్పు చేస్తే మౌనం.

ఆ రకం గొట్టాల్లో మంచు పట్టి వేగం తెలియకుండా పోయిన ఘటనలు అంతకుముందు ఏడాదిలోనే పలుమార్లు జరిగాయి. అన్నిటిలో అందరూ బతికారు. బతికారు కనుకనే తొందర పుట్టలేదు. ఎయిర్ ఫ్రాన్స్ గొట్టాలు మార్చాలని నిర్ణయించింది. ప్రమాదానికి కొద్దిరోజుల ముందే కొత్తవి రావడం మొదలైంది. ఈ విమానం వంతు ఇంకా రాలేదు.

ఎవరు అని, ఎందుకు అని

పారిస్ దగ్గర లె బుర్జేలో బేయా అనే ఫ్రెంచి విచారణ సంస్థ కార్యాలయం ఉంది. 1946లో ఏర్పడింది. అంతర్జాతీయ నియమం ప్రకారం దాని పని దోషిని పట్టుకోవడం కాదు, ప్రమాదం మళ్ళీ జరగకుండా చూడడం. కాని ఫ్రాన్సులో దానితో సమాంతరంగా న్యాయస్థానపు విచారణ కూడా నడుస్తుంది. ఒకటి 'ఎందుకు' అని అడిగితే, రెండోది 'ఎవరు' అని అడుగుతుంది.

ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు చూడండి. సాంత్-ఓదిల్ కేసులో పద్నాలుగేళ్ళ తరువాత, 2006లో, ఆరుగురు నిందితులూ నిర్దోషులుగా విడుదలయ్యారు. కాంకోర్డ్ కేసులో 2010లో పడిన నేరశిక్షలను 2012లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. 447 కేసులో ఎయిర్ ఫ్రాన్స్, ఎయిర్‌బస్ సంస్థలను 2023లో కింది కోర్టు నిర్దోషులంది. దానిపై అప్పీలు విచారణ 2025లో జరిగింది. చనిపోయినవారి బంధువులకు ఇది ఎంత చేదుగా ఉంటుందో ఊహించగలను. తమవారి ప్రాణం పోవడానికి కారణమైన మనిషి ఒకడు ఎదురుగా నిలబడాలని వారు కోరడం సహజం. కోర్టు కోరడమూ తప్పు కాదు. యాపిల్‌గేట్ లేఖను బయటికి తెచ్చింది వ్యాజ్యాలే కదా. కాని ఈ ప్రమాదాలలో చాలావాటిలో దోషం ఒక మనిషిలో ఇమిడేది కాదు. గడియ గీసినవాడు, ముద్ర వేసినవాడు, లేఖను సొరుగులో పెట్టినవాడు, చుక్కతోనే సరిపెట్టుకోవచ్చనుకున్నవాడు: తలా పిడికెడు.

నా మిత్రుడి ప్రశ్నకు నా జవాబు ఇదే. అంతటి మనిషి కూడా ఊరికేనే పోతాడు, ఒక మాట అస్పష్టంగా ఉన్నందువల్ల. కుట్ర అని నమ్మితే ఒక సౌకర్యం ఉంది: కుట్రదారులు మనం కాదు. ఆ మాట, ఆ చీల, ఆ రెండు సున్నలు మాత్రం రోజూ మన చేతుల్లో ఉండేవే. ఏ ఆఫీసులోనైనా, ఏ కర్మాగారంలోనైనా, "ఇది సరిగా లేదండీ, ఈసారి గండం గడిచింది గానీ" అనేవాడొకడు ఉంటాడు. చాదస్తుడని అతనికి పేరు. విండ్సర్‌లో 67 మంది బతికిన రోజు సంతోషించవలసిన రోజే. అది హెచ్చరిక కూడా అని ఒక్క ఇంజనీరు రాశాడు. మిగతావారు సంతోషించి ఊరుకున్నారు.

ఎర్మెనోన్‌విల్ అడవిలో ఒక స్మారకశిల ఉంది. మోఁ బ్లాఁ మీద అదీ అక్కర్లేదు, మంచే ఏటా కొన్ని గుర్తులను కిందికి పంపుతూ ఉంది.

(విమానశాస్త్రం నా వృత్తి కాదు. చదివి తెలుసుకున్నది రాశాను. పారిభాషిక పదాలకు ఇంతకంటే మంచి తెలుగు మాటలు తోచినా, విషయంలో పొరపాట్లు దొర్లినా పెద్దలు సవరిస్తే సంతోషంగా దిద్దుకుంటాను.)